పోటు వేళ ఎర్రచుక్క

జిల్లా ఆసుపత్రి పారేసిన కంప్యూటరు అది.
పక్కన చరిస్తేగానీ ఫ్యాను తిరగదు.
దాన్లోనే ఇంకో కంప్యూటరును కాపురం పెట్టాను,
ఇనుమూ తీగా లేని వర్చువల్ మెషిన్.
ఊరికే దొరికింది.
దింపుకోవడానికి మాత్రం రెండు రాత్రులు పట్టింది,
మా దీవుల ఇంటర్నెట్టు కదా,
చిల్లికుండతో నీళ్ళు మోసినట్టు.

కాస్త్రో ఊళ్ళో, కట్టెల పొయ్యి పక్కన నా బల్ల.
బయట వాన. చిలోయెలో బయటంటేనే వాన,
ఇంక దాని సంగతి ఎత్తను.

ఆ లేని యంత్రానికి ఒక్కటే పని:
ఐదు నిమిషాలకోసారి
పదకొండు దీవుల్లోని ఆరోగ్య కేంద్రాలను
పేరుపేరునా పిలవడం.
ఉన్నావా?
ఉన్నానంటే పచ్చచుక్క.
పలక్కపోతే ఎర్రచుక్క, ఒక గంట.

పది దీవులూ బుద్ధిగా పలికాయి.
పెల్దే దీవి పేచీ పెట్టింది.
సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటకు ఎర్రబడింది,
మంగళవారం రెండు కావస్తుండగా,
బుధవారం రెండున్నర దాటాక.
అర్ధరాత్రులూ అంతే,
రోజుకింత ఆలస్యంగా వచ్చే అప్పులవాడిలా.

రౌటరును తిట్టాను. కరెంటును తిట్టాను.
కొమ్మలు అడ్డమేమోనని పడవేసుకు వెళ్ళి
ఒక సైప్రస్ చెట్టును సగం నరికించాను.
చెట్టు తప్పేం లేదని తర్వాత తెలిసింది.
శాంటియాగో కంపెనీ మనిషి ఫోన్లో
ఏదో పెట్టె కొనమన్నాడు,
ధర మా పడవ ఇంజను కన్నా ఎక్కువ.

మూడు వారాల గీత పోగయింది.
తెరమీద రంపపు పళ్ళు కావవి,
మెల్లగా లేచి మెల్లగా వంగే వీపులు,
ఒక వారం పెద్దవై, ఒక వారం చిన్నవై.
ఈ వంపు నేనెక్కడో చూశాను.
ఎక్కడో గుర్తు రాదు.

ఆ సాయంత్రం వైర్‌లెస్‌లో ఓర్ఫెలినా చిగ్వాయ్,
పంతొమ్మిదేళ్ళుగా పెల్దేకు ఒక్కగానొక్క నర్సు.
"ఎదెల్మీరా, గర్భిణీల కాగితాలు రేపు పొద్దున పంపిస్తా.
మధ్యాహ్నం పోటు కదా, పోవు."
పోవని నీకెలా తెలుసు?
"గుల్లలు ఏరుకునే వేళ పోతాయి.
నీళ్ళు రాళ్ళను మింగే వేళ పోవు.
నన్నెవరడిగారు?"

గోడ మీద పోటుపాట్ల పట్టిక
పొయ్యి పొగకు పసుపెక్కి ఎన్నేళ్ళుగానో వేలాడుతోంది.
తెచ్చి గీత పక్కన ఆనించాను.
ఐదు నిమిషాలు అటూ ఇటూ.
గుట్ట నుంచి గుట్టకు గాలిలో పోయే మాట
కింద నీటికి తగిలి రెండో మాటై లేచి
తన గొంతు తానే నొక్కుకుంటోంది,
సముద్రం మూడు నిలువులు ఎదిగినప్పుడల్లా.

పెట్టె కొనలేదు.
ఓర్ఫెలినా మేనల్లుడు స్తంభమెక్కి
యాంటెన్నాను నాలుగు మూరలు దించాడు.
అమావాస్య పోటుకు ఇంకా ఎర్రబడుతుంది.
పడనీ.
యంత్రానికి పట్టిక నేర్పాను:
పోటు మీదున్నప్పుడు గంట కొట్టకు,
అది దీవి చేసే తప్పు కాదు.

నిన్న తెల్లవారుజామున మూడింటికి గంట కొట్టింది.
పట్టిక చూశాను. నిండు ఆటు.
దీవి చుట్టూ బురద బయటపడి ఉండే వేళ,
మాట సూటిగా పోవాల్సిన వేళ.
వైర్‌లెస్ అందుకున్నాను.
ఓర్ఫెలినా, ఉన్నావా?
గరగర.
ఉన్నావా?
పొయ్యిలో కట్టె ఒకటి విరిగి పడింది.

"ఉన్నా," అంది రొప్పుతూ.
"కాన్పు చేస్తున్నా. వెలుతురు చాలక
నీ పెట్టె తీగ పీకి దీపం పెట్టుకున్నా.
ఇంకో గంట ఎర్రగానే ఉండనీ."

గంట నొక్కేశాను.
పడుకోబుద్ధి కాలేదు.
ఎర్రచుక్కకు ఎదురుగా కూచుని
పొయ్యిలో ఇంకో కట్టె పెట్టాను.